సరిగ్గా 1 జీబీ దగ్గర ఆగిపోతున్న డౌన్‌లోడ్: టైమౌట్ పెంచాలా, వర్కర్లు పెంచాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మీ ఆఫీసు, సర్వర్ కూడా బెంగళూరు డేటాసెంటర్‌లోనే. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్, దాన్ని నడిపే గునికార్న్‌లో 4 సింక్ వర్కర్లు (ఒక్కోటి ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూసే ప్రాసెస్), ముందు యూజర్లతో మాట్లాడే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్. డ్రోన్ సర్వే మ్యాపులను లాగిన్ అయినవాళ్లకు మాత్రమే ఇవ్వాలి. 600 ఎంబీ ఫైళ్లు అందరికీ దిగుతున్నాయి. 2.6 జీబీ ఫైలు మీ ఆఫీసు 1 జీబీపీఎస్ లైన్ మీద బాగానే దిగుతోంది గానీ, అనంతపురం, కర్నూలు సర్వేయర్లకు మొబైల్ హాట్‌స్పాట్ మీద 1 జీబీ చుట్టుపక్కల ‘నెట్‌వర్క్ ఎర్రర్’ అని ఆగిపోతోంది. గునికార్న్ టైమౌట్ పెంచాలా, వర్కర్లు పెంచాలా అని అడిగారు.

రెండూ వద్దండీ. ఫైల్ బైట్లను పైథాన్ మోయకూడదు. ‘ఈ మనిషికి ఈ ఫైలు ఇవ్వొచ్చా’ అని తేల్చడం వరకే జాంగో పని. తేల్చాక ‘ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్’ అనే హెడర్‌తో (రెస్పాన్స్ వెంట వెళ్లే సూచన) పనిని ఇంజిన్‌ఎక్స్‌కు అప్పగించి వర్కర్ పక్కకు తప్పుకోవాలి. ఫైళ్లు ఎస్3 (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) లాంటి చోట ఉంటే, గడువున్న సంతకపు లింకు ఇచ్చి బ్రౌజర్‌ను అటే పంపాలి. మీ ఫైళ్లు సర్వర్ డిస్కు మీదే ఉన్నాయి కాబట్టి మీకు మొదటిది చాలు.

సరిగ్గా 1 జీబీ దగ్గరే ఎందుకు

నెట్‌వర్క్ తేడా చేస్తే ఒకసారి 300 ఎంబీ దగ్గర, ఇంకోసారి 2 జీబీ దగ్గర ఆగాలి. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందంటే అక్కడేదో హద్దు ఉన్నట్టు. సగంలో ఆగిన ఫైలు సైజు బైట్లలో చూడండి. 1,07,37,41,824కు కొన్ని ఎంబీలు అటూఇటూగా ఉంటుంది. అది 1024 ఎంబీ. ఇంజిన్‌ఎక్స్‌లో ‘ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్’ అనే సెట్టింగ్ డిఫాల్ట్ విలువ కూడా అదే.

లోపల జరిగేది ఇది. ప్రాక్సీ బఫరింగ్, అంటే డేటాను ముందే తెచ్చి దాచుకోవడం, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. గునికార్న్ ఇచ్చే డేటాను ఇంజిన్‌ఎక్స్ వీలైనంత వేగంగా లాక్కుంటుంది, మెమరీ బఫర్లు నిండితే డిస్కు మీద తాత్కాలిక ఫైల్‌లో పెట్టుకుంటుంది, అందులోంచి యూజర్‌కు అతని వేగంలో పంపుతుంది. ఆ తాత్కాలిక ఫైలు 1 జీబీకి చేరగానే గునికార్న్ నుంచి చదవడం ఆపేస్తుంది. ఉన్నదంతా యూజర్‌కు చేరాకే మళ్లీ చదువుతుంది.

600 ఎంబీ ఫైలైతే రెండు మూడు సెకన్లలో మొత్తం ఇంజిన్‌ఎక్స్ దగ్గరికి వచ్చేస్తుంది, వర్కర్‌కు విడుదల. 2.6 జీబీ ఫైల్‌లో మొదటి 1 జీబీ కొన్ని సెకన్లలో వెళ్లిపోయాక వర్కర్ మిగతాది పట్టుకుని నిలబడి ఉంటుంది. 20 ఎంబీపీఎస్ లైన్ మీద యూజర్‌కు సెకనుకు 2.5 ఎంబీ చొప్పున 1 జీబీ చేరడానికి ఏడు నిమిషాలు పడుతుంది. గునికార్న్ డిఫాల్ట్ టైమౌట్ 30 సెకన్లు. సింక్ వర్కర్ ఒక రిక్వెస్ట్‌లో ఉన్నంతసేపూ తాను బతికే ఉన్నానని మాస్టర్‌కు (వర్కర్లను కాసే ప్రాసెస్) చెప్పే వీలుండదు. 30 సెకన్లు దాటగానే మాస్టర్ దాన్ని చంపేస్తుంది.

చాలామందిని తికమక పెట్టేది టైమింగే. గునికార్న్ లాగ్‌లో ‘వర్కర్ టైమౌట్’ 10:00:30కి పడుతుంది. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో ‘అప్‌స్ట్రీమ్ ప్రిమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్’ (వెనకున్న గునికార్న్ ముందే కనెక్షన్ మూసేసింది) అనే లైను, బ్రౌజర్‌లో ఎర్రర్, రెండూ 10:07 ప్రాంతంలో కనిపిస్తాయి. మధ్యలో ఆరున్నర నిమిషాలు ఉండేసరికి ఆ రెండూ ఒకే సంఘటన అని ఎవరికీ తట్టదు. వర్కర్ ఎప్పుడో పోయింది, యూజర్ మాత్రం అది వదిలివెళ్లిన 1 జీబీని నింపాదిగా దించుకుంటున్నాడు. మీ ఆఫీసు లైన్ మీద మొత్తం 25 సెకన్లలోపే అయిపోతుంది కాబట్టి అక్కడ సమస్య కనిపించనే కనిపించదు.

గూగుల్‌లో దొరికే మూడు చిట్కాలు, వాటి ఫలితం

‘ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్’ను 0 చేయమని చాలాచోట్ల రాసి ఉంటుంది. మీ సెటప్‌లో అలా చేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. తాత్కాలిక ఫైలే లేకుండా పోతుంది కాబట్టి వర్కర్ మొదటి నుంచీ యూజర్ వేగంతోనే నడవాలి. అప్పుడు 1 జీబీ దగ్గర కాదు, 30 సెకన్ల దగ్గర, అంటే 75 ఎంబీ ప్రాంతంలోనే తెగుతుంది. ఇప్పుడు దిగుతున్న 600 ఎంబీ ఫైళ్లు కూడా దిగవు.

పోనీ ఆ సెట్టింగ్‌ను 5 జీబీకి పెంచితే? ఎర్రర్ పోతుంది, డిస్కుకు చేటు వస్తుంది. 15 మంది ఒకేసారి 2.6 జీబీ ఫైలు మొదలుపెడితే దాదాపు 39 జీబీ తాత్కాలిక ఫైళ్లు. డిస్కు మీద ఉన్న ఫైల్‌నే మళ్లీ అదే డిస్కు మీదకు కాపీ చేసి పంపుతున్నామన్నమాట. పైగా ఇంజిన్‌ఎక్స్ ఈ ఫైళ్లను తెరిచిన వెంటనే పేరు తీసేస్తుంది. ‘డీఎఫ్’ కమాండ్‌లో డిస్కు నిండినట్టు కనిపిస్తుంది, ‘డీయూ’తో ఫోల్డర్లు లెక్కపెడితే ఆ జీబీలు ఎక్కడా దొరకవు. అదే డిస్కు మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఉంటే అది రాయడానికి చోటులేక పడిపోతుంది.

టైమౌట్ 3600 చేస్తే? నాలుగు వర్కర్లు, నలుగురు నిదానపు యూజర్లు. అంతే, లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. వర్కర్లను 20 చేస్తే ఇరవై ఒకటో మనిషి దగ్గర అదే కథ. జాంగో లోడైన ఒక్కో వర్కర్‌కు 100 ఎంబీ ర్యామ్ తేలిగ్గా పోతుంది, అంత ఖర్చు పెట్టి ఒక ఫైల్ కాపీ పని చేయించడం దండగ. పైగా నిజంగా ఎక్కడో ఇరుక్కుపోయిన వర్కర్‌ను కూడా గంటదాకా ఎవరూ చంపరు.

ఎలా మార్చాలి

ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో /ప్రొటెక్టెడ్/ అనే కొత్త లొకేషన్ బ్లాక్ (ఒక యూఆర్‌ఎల్ దారికి వర్తించే సెట్టింగులు) రాయండి. అందులో రెండే లైన్లు: ఒకటి ‘ఇంటర్నల్’, రెండోది ఫైళ్లున్న ఫోల్డర్‌ను చూపించే ‘అలియాస్’, ఉదాహరణకు /డేటా/మ్యాప్స్/. ‘ఇంటర్నల్’ అన్న మాట ఉంటే బయటివాళ్లు ఆ చిరునామా నేరుగా కొట్టినా 404 (దొరకలేదు) వస్తుంది. ఆ మాట మరిచిపోతే మీ లాగిన్‌కు అర్థం లేదు, లింకు తెలిసిన ఎవడైనా దించుకోవచ్చు. లొకేషన్ చివర, అలియాస్ చివర స్లాష్ రెండిట్లోనూ ఉండాలి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే దారి అతుక్కుపోయి ఫైలు దొరకదు. అంతకంటే ప్రమాదం, లొకేషన్‌కు లేకుండా అలియాస్‌కు మాత్రమే స్లాష్ ఉంటే రెండు చుక్కల (..) దారితో పై ఫోల్డర్‌లోకి వెళ్లే సందు ఏర్పడుతుంది.

జాంగో వ్యూలో (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఫంక్షన్) లాగిన్ చూడండి, అనుమతి చూడండి, కావాలంటే లాగ్ రాయండి, ఖాళీ రెస్పాన్స్ తిప్పి పంపండి. దానికి మూడు హెడర్లు: ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్‌లో /ప్రొటెక్టెడ్/ తర్వాత ఫైలు దారి, కంటెంట్-టైప్ (ఫైలు రకం), కంటెంట్-డిస్పొజిషన్ (సేవ్ అయ్యే పేరు). కంటెంట్-టైప్ పెట్టకపోతే జాంగో తన అలవాటు ప్రకారం టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అంటుంది, కొన్ని బ్రౌజర్లు మ్యాప్‌ను వెబ్ పేజీలా తెరవబోతాయి. వర్కర్ పని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఫైలు 2.6 జీబీ అయినా 26 జీబీ అయినా దానికి తేడా లేదు.

ఇక్కడ జనం తడబడేవి కొన్ని ఉన్నాయి.

ఫైల్ పేర్లు. ఇంజిన్‌ఎక్స్ 1.5.9 నుంచి ఆ హెడర్‌లోని దారి యూఆర్‌ఎల్ ఎన్‌కోడ్ అయి ఉండాలి. ‘గుత్తి మండలం.జిప్’ అని తెలుగులోనో, మధ్యలో శాతం గుర్తుతోనో పేరు ఉంటే పైథాన్ ‘కోట్’ ఫంక్షన్ గుండా పంపండి. యూజర్‌కు కనిపించే పేరు వేరే సంగతి, అది కంటెంట్-డిస్పొజిషన్‌లో యూటీఎఫ్-8 రూపంలో వెళ్లాలి. నన్నడిగితే డిస్కు మీద ఫైలు పేరు ఐడీ నంబరుగా ఉంచి, అందమైన తెలుగు పేరును హెడర్‌లో మాత్రమే ఇవ్వడం సుఖం.

పర్మిషన్లు. ఇప్పటిదాకా ఫైలు చదివింది గునికార్న్ యూజర్, ఇకనుంచి చదివేది ఇంజిన్‌ఎక్స్ యూజర్. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్లు 750 పర్మిషన్‌తో (ఇతర యూజర్లకు ప్రవేశం లేకుండా) వస్తున్నాయి. ఫైళ్లు /హోమ్ కింద ఉంటే ఫైలుకు 644 ఇచ్చినా పై ఫోల్డర్ దాటలేక 403 (అనుమతి లేదు) వస్తుంది. /డేటా లాంటి చోటికి మార్చడమే మేలు, హోమ్ ఫోల్డర్‌ను 777 (అందరికీ అన్ని హక్కులు) చేసే పని మాత్రం పెట్టుకోకండి.

ఫైలు మార్చేటప్పుడు. సర్వేయర్ దించుకుంటుండగా అదే పేరు మీద కొత్త మ్యాప్ రాస్తే అతనికి పైన పాతది, కింద కొత్తది కలిసిన చెత్త చేరుతుంది. అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాత పేరు మార్చండి. అప్పటికే దించుకుంటున్నవాళ్లకు పాత ఫైలే చివరిదాకా వెళ్తుంది.

ఆగినచోటి నుంచి మళ్లీ మొదలవ్వాలి

మీ యూజర్ల విషయంలో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. 2.6 జీబీ ఫైలు 4 ఎంబీపీఎస్ మీద దాదాపు 87 నిమిషాలు. ఊరి బయట పొలం గట్టు మీద హాట్‌స్పాట్ అంతసేపు తెగకుండా ఉండదు. తెగిన ప్రతిసారీ సున్నా నుంచి మొదలైతే ఆ ఫైలు ఎప్పటికీ దిగదు, డేటా ప్యాక్ మాత్రం అయిపోతుంది.

దీనికి పనికొచ్చేది రేంజ్ రిక్వెస్ట్. ‘ఇన్ని బైట్ల తర్వాత నుంచి ఇవ్వు’ అని బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ 206 (పాక్షిక జవాబు) కోడ్‌తో ఆ ముక్క మాత్రమే పంపుతుంది. జాంగోలో ఫైలు పంపే ‘ఫైల్‌రెస్పాన్స్’తో ఇది దానంతటదే రాదు, ముక్క అడిగినా 200తో మొత్తం ఫైలే పంపుతుంది. పనిని ఇంజిన్‌ఎక్స్‌కు అప్పగించగానే ఇది ఉచితంగా వచ్చేస్తుంది. పైగా కొనసాగింపు కూడా కొత్త రిక్వెస్టే కాబట్టి ప్రతిసారీ జాంగోలో అనుమతి చూడటం జరుగుతుంది. అంటే సెషన్ గడువు 30 నిమిషాలే పెట్టి ఉంటే, గంట తర్వాత కొనసాగించబోయినవాడికి ఫైలు బదులు లాగిన్ పేజీ వస్తుంది. కొన్ని డౌన్‌లోడ్ మేనేజర్లు ఆ లాగిన్ పేజీనే మ్యాప్ పేరుతో సేవ్ చేసి కూర్చుంటాయి. ‘జిప్ పాడైంది’ అన్న ఫిర్యాదు వస్తే ముందు దాని సైజు ఎన్ని కేబీలో అడగండి.

రేపు రెండో సర్వర్ పెడితే ఇంకో చిక్కు ఉంది. పాత ముక్క, కొత్త ముక్క ఒకే ఫైలువేనా అని తేల్చుకోవడానికి ‘ఈట్యాగ్’ అనే గుర్తు వాడతారు. ఇంజిన్‌ఎక్స్ దాన్ని ఫైలు మారిన సమయం, సైజు కలిపి తయారుచేస్తుంది. ‘ఆర్‌సింక్’తో కాపీ చేసేటప్పుడు సమయాన్ని అలాగే ఉంచే ఆప్షన్ ఇవ్వకపోతే రెండు సర్వర్లలో ఈట్యాగ్ వేరవుతుంది. తెగిన డౌన్‌లోడ్ రెండో సర్వర్‌కు తగిలితే ‘ఇది వేరే ఫైల్’ అనుకుని మళ్లీ మొదటి నుంచి. హైఫన్ ఏ (-a) ఆప్షన్‌లో సమయం కలిసే ఉంటుంది, అది వాడితే చాలు.

‘సెండ్_టైమౌట్’ కూడా చూడండి. డిఫాల్ట్ 60 సెకన్లు. ఇది మొత్తం డౌన్‌లోడ్‌కు కాదు, వరుసగా రెండుసార్లు రాయడానికి మధ్య గ్యాప్‌కు. సిగ్నల్ నిమిషం పైన పోతే కనెక్షన్ మూసేస్తుంది. మీ వాళ్లకు 300 పెట్టండి.

మిగతా ట్యూనింగ్

‘సెండ్‌ఫైల్ ఆన్ చేస్తే మాయ జరుగుతుంది’ అనే మాట చాలాచోట్ల వింటారు. డిస్కు నుంచి చదివినదాన్ని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నేరుగా సాకెట్‌కు (నెట్‌వర్క్ కనెక్షన్‌కు) ఇవ్వడం మంచిదే, ఆన్ చేయండి. కానీ హెచ్‌టీటీపీఎస్‌లో ఎన్‌క్రిప్షన్ ఇంజిన్‌ఎక్స్ లోపలే జరుగుతుంది కాబట్టి, కెర్నెల్ టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్‌ను కెర్నెలే చేయడం) పెట్టుకుంటే తప్ప ఆ లాభం అందదు. దానికి ఇంజిన్‌ఎక్స్ 1.21.4, ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 కావాలి. ఈ స్థాయిలో మీకది అక్కర్లేదు. మీ లాభమంతా వర్కర్ ఖాళీ అవడంలో ఉంది.

‘సెండ్‌ఫైల్_మ్యాక్స్_చంక్’ (ఒకేసారి పంపే ముక్కకు హద్దు) మాత్రం పెట్టండి. 1.21.4 నుంచి అది డిఫాల్ట్‌గా 2 ఎంబీ, అంతకుముందు హద్దే లేదు, ఒక్క వేగమైన కనెక్షన్ ఇంజిన్‌ఎక్స్ వర్కర్‌ను గుత్తకు తీసుకునేది. ఉబుంటు 22.04తో వచ్చేది 1.18, కాబట్టి మీరే 2ఎం అని రాయాలి.

బ్యాండ్‌విడ్త్ లెక్క వేసుకోండి. 40 మంది 20 ఎంబీపీఎస్ చొప్పున లాగితే 800 ఎంబీపీఎస్. సర్వర్ పోర్టు 1 జీబీపీఎస్ అయితే మీ వెబ్ పేజీలకు మిగిలేది కొంచెమే. ‘లిమిట్_రేట్’ (వేగానికి హద్దు) ఒక్కో కనెక్షన్‌కే వర్తిస్తుంది, మనిషికి కాదు. డౌన్‌లోడ్ మేనేజర్ ఎనిమిది కనెక్షన్లు తెరిస్తే ఎనిమిది రెట్లు పోతుంది. అందుకని ‘లిమిట్_కాన్’ (కనెక్షన్ల సంఖ్యకు హద్దు) కూడా పెట్టాలి, కానీ ఐపీ అడ్రస్ ఆధారంగా మాత్రం పెట్టకండి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. ఒక సర్వేయర్ దించుకుంటుంటే ఇంకో ఊళ్లో ఉన్నవాడికి 503 (సేవ అందుబాటులో లేదు) వస్తుంది, ఎందుకో మీకు అంతుపట్టదు. సెషన్ కుకీ ఆధారంగా పెట్టండి.

జిప్, టిఫ్ ఫైళ్ల మీద జీజిప్ (పంపేటప్పుడు కుదించడం) వద్దు. పెద్ద సీఎస్వీ మీద కూడా ఆలోచించి పెట్టండి. అప్పటికప్పుడు కుదిస్తే మొత్తం సైజు ముందే తెలియదు. బ్రౌజర్‌లో శాతం కనిపించదు, కొనసాగింపూ ఉండదు.

ఎస్3కి మారితే

సంతకపు లింకు గడువు గరిష్ఠంగా 7 రోజులు. కానీ సర్వర్ రోల్ (సర్వర్‌కు అమెజాన్‌లో ఇచ్చిన హక్కులు) ద్వారా వచ్చిన తాత్కాలిక తాళాలతో సంతకం చేస్తే, ఆ తాళాల గడువు ముగిసినప్పుడే లింకూ చచ్చిపోతుంది, మీరు 7 రోజులని రాసినా సరే. గడువు చూసేది రిక్వెస్ట్ మొదలైనప్పుడు మాత్రమే. 10 నిమిషాల లింకుతో మొదలైన డౌన్‌లోడ్ గంటసేపు నడుస్తుంది, మధ్యలో తెగి కొనసాగించబోతే 403. మీ యూజర్లకు 6 గంటలైనా ఇవ్వండి. ఫైలును లాంబ్డా (సర్వర్ పెట్టుకోకుండా కోడ్ నడిపే అమెజాన్ సేవ) గుండా పంపే ఆలోచన చేయకండి, మామూలు రెస్పాన్స్‌కు అక్కడ హద్దు 6 ఎంబీ. బయటికి వెళ్లే ప్రతి జీబీకి బిల్లు పడుతుంది. ముంబై రీజియన్‌లో అది జీబీకి 11 సెంట్ల దరిదాపు, నెలకు మీ 2.6 జీబీ ఫైలు 400 సార్లు దిగితే 100 డాలర్ల పైమాట. ఇప్పుడున్న సర్వర్‌తో పని జరుగుతుంటే తొందరపడనక్కర్లేదు.

మీ స్నేహితులు వేరే స్టాక్‌లో ఉంటే: అపాచీలో ఇదే పనికి ‘ఎక్స్-సెండ్‌ఫైల్’ మాడ్యూల్ ఉంది. రైల్స్‌లో ఒక సెట్టింగ్ చాలు. జాంగోను ఏఎస్‌జీఐ (పైథాన్ అసింక్రనస్ సర్వర్ పద్ధతి) మీద నడిపేవాళ్లు ఫైల్‌రెస్పాన్స్ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి, అక్కడ ఫైలు మొత్తం మెమరీలోకి చేరి ర్యామ్ నిండిపోతుంది.

పెట్టాక ఇలా పరీక్షించండి

ఆఫీసు లైన్ మీద చూసి సరే అనుకోవద్దు, ఇన్నాళ్లూ మోసపోయింది అక్కడే. ‘కర్ల్’ అనే కమాండ్‌లైన్ డౌన్‌లోడ్ సాధనంలో లిమిట్-రేట్ ఆప్షన్‌తో వేగాన్ని 500కె (సెకనుకు 500 కేబీ) చేసి, లాగిన్ కుకీ ఇచ్చి, నాలుగైదు టెర్మినల్స్‌లో ఒకేసారి మొదలుపెట్టండి. అవి నడుస్తుండగా సైట్‌లో వేరే పేజీలు తిరగండి. తేడా ఉండకూడదు. గునికార్న్ లాగ్‌లో వర్కర్ టైమౌట్ ఒక్కటీ రాకూడదు, డీఎఫ్‌లో డిస్కు పెరగకూడదు.

తర్వాత కర్ల్‌లోనే హైఫన్ ఆర్ (-r) ఆప్షన్‌తో మొదటి 100 బైట్లు, అంటే 0-99, అడగండి. 206, కంటెంట్-రేంజ్ హెడర్, కంటెంట్-లెంగ్త్ 100 కనిపించాలి. 200 వస్తే మధ్యలో ఎవరో రేంజ్‌ను మింగేస్తున్నారు. కుకీ లేకుండా ఓసారి, /ప్రొటెక్టెడ్/ దారిని నేరుగా ఓసారి కొట్టి చూడండి. మొదటిదానికి లాగిన్, రెండోదానికి 404 రావాలి.

చివరిగా, సగం దిగాక వైఫై ఆపి రెండు నిమిషాల తర్వాత కర్ల్ హైఫన్ పెద్ద-సీ, ఆపై విడిగా ఇంకో హైఫన్ (-C -) ఇచ్చి కొనసాగించండి. పూర్తయ్యాక షా256 చెక్‌సమ్‌ను (ఫైలు వేలిముద్ర లాంటిది) సర్వర్‌లోని ఫైలుతో పోల్చండి. ఆ చెక్‌సమ్‌ను డౌన్‌లోడ్ పేజీలో కూడా పెడితే సర్వేయర్లు తామే సరిచూసుకుంటారు. మ్యాపులు 4 జీబీ దాటడం మొదలైతే, ‘పెన్‌డ్రైవ్‌లో ఎక్కట్లేదు’ అనే ఫోన్లు వస్తాయి. అది సర్వర్ తప్పు కాదు, ఎస్పీ రోడ్డులో (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) కొన్న ఆ పెన్‌డ్రైవ్ అంత పెద్ద ఫైలు పట్టని ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయమనండి, లోపల ఉన్నవి ముందు కాపీ చేసుకోమని కూడా చెప్పండి.